గాయని అన్న గడిలో

గుణదల,
12 జూన్ 2007

ప్రియమైన ఫౌజియాకు,

ఈ ఉదయం వానకు తడిసిన పేపరు మా మెట్టుకు అంటుకుపోయింది. తీస్తే కాగితం వచ్చింది గాని ఒక వార్త మెట్టు మీదే ఉండిపోయింది, అక్షరాలు తిరగబడి. నాన్న నీళ్లు కొట్టేదాకా వంగి చదువుతూ కూర్చున్నాను. ఆఫీసుకు ఆలస్యమైంది.

నీ పెళ్లి కార్డు మీది చిరునామాకే రాస్తున్నాను. ఏడేళ్లయింది. అక్కడే ఉన్నావో లేదో తెలియదు. ఎవరినైనా నంబరు అడిగి ఫోను చేయొచ్చు. కాని "హలో" తర్వాత నాకు మాటలు రావని నీకు తెలుసు కదా.

నేనిప్పుడు గవర్నరుపేటలో పనిచేస్తున్నాను. మేడ మీద రెండు గదుల ఆఫీసు. పాత క్యాసెట్లలోని పాటలను కంప్యూటర్లోకి ఎక్కించి ఇంటర్నెట్‌లోని దుకాణంలో పెడతారు. ఎవరికి ఏ పాట కావాలంటే ఆ ఒక్క పాటే కొని దించుకోవచ్చు. పాట పన్నెండు రూపాయలు. ఒక్కో పాటా విని దాని వివరాలు పట్టికలో కొట్టడం నా పని. పాట పేరు, గాయని, రాసినవారు, నిడివి.

ఇంకో పని కూడా ఉంది. కొనేముందు ఎవరైనా ముప్పై సెకన్లు ఊరికే వినొచ్చు. ఆ ముప్పై సెకన్లు పాటలో ఎక్కడివో నేను ఎంచాలి. అది నాకు చాలా ఇష్టం. మూసిన తలుపు ముందు నిలబడ్డట్టు కళ్లు మూసుకుని వింటాను. ఎక్కడ తలుపు తోయాలనిపిస్తే అక్కడ గుర్తు పెడతాను. రోజుకు నలభై పాటలు. సాయంత్రం హెడ్‌ఫోన్లు తీశాక ఏలూరు రోడ్డు మీద బస్సులు నీళ్ల అడుగున వెళ్తున్నట్టుంటాయి.

నిన్న అట్టపెట్టెలోంచి నీలం కవరు క్యాసెట్ ఒకటి వచ్చింది. తొమ్మిదో తరగతిలో గుణదల మేరీమాత ఉత్సవాల కోసం మన కాన్వెంటు పిల్లలం పాడినది. ఎ సైడులో నాలుగో పాట నీది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఏడుసార్లు విన్నాను. రెండో చరణానికి ముందు నువ్వు ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది.

గాయని అన్న గడి మాత్రం ఇంకా ఖాళీగా ఉంచాను.

ఈ ఉత్తరం అందితే ఒక్క ముక్క రాయి.

దీవెన


బందరు,
21 జూన్ 2007

ఏమే దీవూ!

అందిందే తల్లీ, అందింది. పోస్ట్‌మ్యాన్ జక్కయ్య కొట్లోకి వచ్చి "ఉత్తరమమ్మా" అంటే కరెంటు బిల్లనుకున్నా. నీ గుండ్రటి అక్షరాలు చూసి అక్కడే కూలబడ్డా. మాకు కోనేరు సెంటర్లో సెల్‌ఫోన్ల కొట్టుంది. "ఫోన్లు అమ్ముకుంటూ ఉత్తరాలు రాసుకుంటారా" అని మా ఆయన తారిక్ ఒకటే నవ్వు. దాని సంగతి నీకు తెలీదులే, అది ఫోనెత్తి గాలి పీలుస్తుందంతే అని చెప్పా.

పాట పన్నెండు రూపాయలా? ఎవరు కొంటారే? మేం మెమరీ కార్డులో రెండొందల పాటలు ఎక్కించి ముప్పై తీసుకుంటాం. అందులోనూ బేరాలు. దొంగ సరుకంటావేమో, అను. నీ నోటివెంట ఒక తిట్టు వింటే నా జన్మ ధన్యం.

నాకు ఆ రికార్డింగు రోజు ఇప్పటికీ కళ్లముందుంది. ఫ్యాను చప్పుడొస్తోందని ఆపేశారు. చెమటకి నీ చెయ్యి జారిపోతుంటే గట్టిగా పట్టుకుని పాడా. తెరేసమ్మ టీచరు అద్దం అవతల్నించి కళ్లురుముతూనే ఉంది, పాట బాగా వచ్చినా సరే. ఆ జనవరిలోనే మా నాన్న ఇక్కడ రోల్డుగోల్డు పని దొరికిందని మమ్మల్ని బందరు తెచ్చేశారు. క్యాసెట్ ఎలా ఉంటుందో కూడా నేను చూళ్లేదు.

మా జుబియాకి ఆరేళ్లు. "అమ్మ చిన్నప్పుడు పాడితే క్యాసెట్ వేశారు" అంటే "ఏదీ?" అని చెయ్యి చాపుతుంది. మా అత్త అటు తిరిగి నవ్వుకుంటుంది. పదకొండేళ్లుగా చెప్తున్నా దీవూ, చూపించడానికి ఏమీ లేదు. ఇంటర్నెట్‌లో నా పేరు కనబడితే చాలు. కొట్లో పెద్ద స్పీకర్లో పెడతా. కోనేరు సెంటరంతా వినాలి.

గడి ఖాళీగా ఎందుకే? నా పేరు మర్చిపోయావా ఏంటి?

నీ ఫౌజీ


గుణదల,
2 జూలై 2007

ఫౌజీ,

మూడు రోజులుగా ముసురు. పాటలు మా ఆఫీసు నుంచి దుకాణానికి వెళ్లేటప్పుడు తెర మీద ఒక నీలం పట్టీ పాకుతుంది. వాన పడితే అది ఇంకా నెమ్మది. ఒక్కోసారి మధ్యాహ్నమంతా అందరం పని మానేసి దాన్నే చూస్తాం. పాట ఇక్కడా ఉండి, అక్కడా ఉండి, మధ్యలో ఎక్కడ ఉంటుందా అని ఆలోచిస్తూ ఉంటాను. ఏ ఊరి మీదుగా వెళ్తుందో. 

నాకు పెళ్లి కుదిరింది. ఆయన పేరు ఫిన్నీ. హనుమాన్ జంక్షన్ దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టరు. తక్కువ మాట్లాడతారు. మేమిద్దరం ఒక గంట కూర్చుని వాళ్ల పెరటి కోళ్ల గురించి మాట్లాడుకున్నాం. నాకు నచ్చారు. వాళ్లమ్మ శౌరమ్మగారు. మా క్యాథలిక్ పద్ధతిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు రెండు ఊళ్ల గుళ్లలోనూ ప్రకటన చదువుతారు. ఈ పెళ్లికి అడ్డమేదైనా తెలిసినవాళ్లు చెప్పాలని. జూలై ఆఖరి ఆదివారం మొదటిది.

నీ పేరు మర్చిపోలేదు.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా నాలుగుసార్లు రాసి చించాను. క్యాసెట్ కవరు మీద నీ పేరు లేదు. "గానం: కుమారి దీవెన" అని ఉంది. పదకొండేళ్లుగా అలాగే ఉంది.

దీవెన


మచిలీపట్నం,
9 జూలై 2007

దీవెన గారికి,

ఉత్తరం అందింది. మీకు పెళ్లి కుదిరినందుకు సంతోషం.

ఒక్క సంగతి చెప్పండి. ఆ పాట మీరే పాడారని మీరు చెప్పుకున్నారా, లేక ఎవరైనా అంటే ఊరుకున్నారా? రెండింటికీ తేడా లేదని నాకు తెలుసు. అయినా తెలుసుకోవాలనుంది.

జుబియాకి ఇంకా ఏమీ చెప్పలేదు.

షేక్ ఫౌజియా


గుణదల,
18 జూలై 2007

ఫౌజియాకు,

ఊరుకున్నాను.

నువ్వు వెళ్లిపోయిన వారానికి తెరేసమ్మ టీచరు నన్ను స్టాఫ్‌రూముకు పిలిచారు. కవర్లు అచ్చువేసే అతను వచ్చి కూర్చున్నాడు, సాయంత్రంలోగా పేరు కావాలని. "మాత పాట మీద సాయిబుల పిల్ల పేరు వేస్తే వాళ్ల నాన్న ఊరుకుంటాడా? మనవాళ్లు ఊరుకుంటారా?" అన్నారు టీచరు. ఎవరినీ అడగలేదు. తనే నావైపు చూసి, "దీవెన. పేరు బాగుంది. కవరు మీద అందంగా ఉంటుంది" అన్నారు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఒక్కటే నేను చేసింది. మిగతా పిల్లలకు ఈ సంగతి ఎత్తొద్దని టీచరే చెప్పారు. తర్వాత అన్నీ వాటంతటవే జరిగాయి.

ఆ ఫిబ్రవరిలో ఉత్సవాల మూడు రోజులూ కొండ కింద ప్రతి స్టాలులోనూ ఆ పాటే. "ఈ పిల్లేనంట" అని నా గడ్డం పట్టుకుని చూశారు. పాడమంటారని గొంతు బాగాలేదన్నాను. మరుసటేడూ అదే అన్నాను. ఇప్పుడు అందరికీ తెలుసు, దీవెనకు చిన్నప్పుడు బంగారంలాంటి గొంతు ఉండేదని, పాపం పాడైపోయిందని.

శౌరమ్మగారి ఇంట్లో ఆ క్యాసెట్ ఉంది. "ఆ పాట పాడిన పిల్లయితే ఇంకేం చూడక్కర్లేదు" అని మా సంబంధం ఒప్పుకున్నారట. నా గొంతు బాగుపడాలని నెలనెలా మిరియాలు, పటికబెల్లం పంపుతారు. పెళ్లిరోజు ఒక్క చరణమైనా పాడాలని ఆవిడ కోరిక.

మా ఆఫీసు యజమాని వెంకటసుబ్బారావుగారు కవరు చూసి, "ఈ కుమారి దీవెన మీరేనామ్మా! చెప్పరేం!" అని అందరికీ జిలేబీ తెప్పించారు. ఆ రోజు కూడా ఊరుకున్నాను.

కవరు మీద ఏముంటే అదే పట్టికలో కొట్టాలని నియమం. మార్చాలంటే రెండు కాగితాలు కావాలి. పాడినవాళ్లు నేను పాడానని, కవరు మీద పేరున్నవాళ్లు నేను పాడలేదని సంతకం చేసి ఇవ్వాలి. ఈ విడత పట్టిక ఆగస్టు పదో తారీకున వెళ్లిపోతుంది. వెళ్లాక పేర్లు మారవు.

నా కాగితం రాశాను. సంతకం కూడా చేశాను. పుస్తకంలో పెట్టాను. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లి రోజూ వెనక్కి తెస్తున్నాను.

దీవెన


బందరు,
27 జూలై 2007

దీవెనా,

నీ ఉత్తరం మా నాన్నకి చదివి వినిపించా. ఖాజా మొహిద్దీన్ గారంటే నీకు గుర్తుందిగా, స్కూలు గేటు దగ్గర సైకిలాపి, బీడీ కాలుస్తున్నట్టు నటించి మన ప్రాక్టీసు వినే మనిషి. ఇప్పుడు గాజులకి మెరుగు పెడుతూ విన్నారు. అంతా విని, చెయ్యి కడుక్కుని, బీరువా మీదున్న రేకు పెట్టె దింపారు. 

అందులో ఉంది దీవెనా. నీలం కవరు. ప్లాస్టిక్ కూడా చింపలేదు.

ఆ ఫిబ్రవరిలో ఉత్సవాలకి ముందురోజే బస్సెక్కి గుణదల వచ్చారట. మాకెవ్వరికీ చెప్పలేదు. అప్పుడే పెట్టెలు విప్పుతున్న స్టాల్లో కొన్నారట, పాటలింకా పెట్టలేదట. మా ఇంట్లో టేప్‌రికార్డరే లేదప్పుడు. బస్సులో కవరు చదివితే నా పేరు లేదు. "నీ పాట తీసేసి ఆ పిల్లతో పాడించారనుకున్నా బేటీ. చెప్తే ఏడుస్తావని దాచేశా" అన్నారు. నేనేమో ఇన్నేళ్లూ క్యాసెట్ వేశారు క్యాసెట్ వేశారు అని చెప్తూనే ఉన్నా, ఈయన నన్ను పాపం అన్నట్టు చూస్తూనే ఉన్నారు. ఆ టీచరు ఎవరికి భయపడిందో చూడు.

"నన్నొక్క మాట అడిగుండాల్సింది" అన్నారంతే. మళ్లీ పనిలో పడిపోయారు.

తారిక్ ఎక్కడ్నించో టేప్‌రికార్డర్ తెచ్చాడు. లోపల రీలు బూజుపట్టి అంటుకుపోయింది. కీచుమని మూడు సెకన్లు అరిచి తెగింది. జుబియా "ఇదేనా నీ పాట?" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నీ మీద కోపం పోలేదు. ఉంటుంది కొన్నాళ్లు. నా కాగితం ఇందులో పెడుతున్నా, సంతకంతో. ఇస్తావో చింపుతావో నీ ఇష్టం. నీ పెళ్లి చెడగొట్టి నేను స్పీకర్లో పాట పెట్టుకుంటే నాకేం బాగుంటుంది? అలాగని చింపెయ్యమని కూడా అనలేకపోతున్నా. అది నా గొంతే.

ఫౌజియా


గుణదల,
8 ఆగస్టు 2007

ఫౌజియాకు,

నీ కాగితం, నా కాగితం సోమవారం వెంకటసుబ్బారావుగారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, "మరి ఆ రోజు జిలేబీ తిన్నారు కదమ్మా" అన్నారు. తిన్నానండి అన్నాను. ఆయన కాగితాలకు గుండుసూది గుచ్చి ఫైల్లో పెట్టారు.

గాయని అన్న గడిలో నీ పేరు కొట్టాను.

నిన్న సెలవు పెట్టి హనుమాన్ జంక్షన్ వెళ్లాను. ఒక్కదాన్నే. ఆదివారం రెండో ప్రకటన కూడా చదివారు. మూడోది అయ్యేలోగా చెప్పాలనుకున్నాను. బస్సులో దారంతా ఒక్కటే వాక్యం సిద్ధం చేసుకున్నాను. గన్నవరం దాటాక అది కూడా మర్చిపోయాను.

శౌరమ్మగారు వసారాలో బెండకాయలు తరుగుతున్నారు.

"రామ్మా. గొంతెలా ఉంది?"

"బాగానే ఉందండి. ఎప్పుడూ బాగానే ఉంది. ఆ పాట నేను పాడలేదండి."

కత్తిపీట ఆగింది. "మరెవరు పాడారు?"

"నా స్నేహితురాలు ఫౌజియా."

"సాయిబులమ్మాయా?"

"అవునండి."

ఆవిడ మళ్లీ తరగడం మొదలుపెట్టారు. నాలుగైదు కాయలయ్యాక, "నేను పంపిన మిరియాలు ఏం చేశావ్ మరి?" అన్నారు.

"పాలల్లో వేసుకుని తాగానండి. రోజూ."

"జబ్బు లేకుండానా?"

"మీరు పంపారు కదా అని."

లోపలి గదిలోంచి ఫిన్నీగారి నవ్వు వినబడింది. వెంటనే ఆగిపోయింది. శౌరమ్మగారు నవ్వలేదు. "ఇంకో ఆదివారం ఉంది. చూద్దాం" అన్నారు. కాఫీ ఇచ్చారు. నేను వెళ్లొస్తానంటే తలెత్తలేదు.

వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నాను. పొలాల్లో నీళ్లు నిండి ఆకాశం కిందకి దిగినట్టుంది. మనసులో ఏమీ లేదు. చాలా రోజుల తర్వాత ఊరికే కూర్చున్నాను.

ఇందులో ఒక కార్డు పెడుతున్నాను. వెనక బూడిదరంగు పూత గోకితే అంకెలుంటాయి. దుకాణంలో ఆ అంకెలు కొడితే పాట దించుకోవచ్చు. పదిహేనో తారీకు తర్వాత చూడు. ముప్పై సెకన్లు ఎక్కడ మొదలవ్వాలో కూడా తేల్చుకున్నాను. రెండో చరణానికి ముందు, నీ ఊపిరి దగ్గర.

దీవెన


బందరు,
25 ఆగస్టు 2007

ఏమే దీవూ,

కొన్నామే! నా పాట నేనే కొనుక్కున్నా!

నిన్న పొద్దున కొట్టు తియ్యగానే మొదలెట్టాం. కార్డు గోకే పని జుబియాది. గోకి గోకి ఒక అంకె కూడా చెరిపేసింది, అది మూడో ఎనిమిదో తెలీక రెండూ కొట్టి చూశాం. మూడు. మా నాన్న స్టూలేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు, తెల్లచొక్కా వేసుకుని. జుబియా శాతాలు చదువుతోంది. నలభై, నలభై ఒకటి. తొంభై ఒకటి దగ్గర కరెంటు పోయింది! మా నాన్న స్టూలు మీంచి లేవలేదు. గంటన్నర అట్లాగే నల్లటి తెర చూస్తూ కూర్చున్నారు. కరెంటొచ్చాక మళ్లీ మొదట్నించి.

అంతకుముందే ఇంటర్నెట్ దుకాణంలో నా పేరు చూశారు మా నాన్న. ఇంగ్లీషు రాదుగా, జుబియా ఒక్కో అక్షరం మీద ఆయన వేలు పెట్టించి చదివింది.

పాట మొదలవగానే నేను లోపలికెళ్లిపోయా. సిగ్గేసింది. ఎవరిదో చిన్నపిల్ల గొంతు. నాదేనా అది? అంత భయం లేకుండా పాడానా? బయటికొచ్చేసరికి మా అత్త గడపలో నిలబడి ఉంది. నవ్వట్లేదు.

అసలు సంగతి విను. ఏసుపాదం అని మాకు రోజూ వచ్చే ఆటో ఆయన, "మాత పాట కదమ్మా, నా కార్డులో కూడా ఎక్కించండి" అన్నాడు. తారిక్ కార్డు తీసుకుని పెట్టబోయాడు. నాకేమైందో, "అది కొనుక్కోవాలండి, పన్నెండు రూపాయలు" అన్నా. మా కొట్లో! తారిక్ నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది. ఏసుపాదం మాత్రం బేరమాడకుండా జేబులోంచి తీసిచ్చాడు. ఇప్పుడు ఆ పన్నెండు రూపాయలతో నువ్వు పంపినలాంటి గోకే కార్డు ఎక్కడ కొనాలో మాకు తెలీదు. పంపించు.

కోపమా? ఉంది. కొట్టు మూసేటప్పుడు వెతికా, చిల్లర అడుగున ఎక్కడో కొంచెం ఉంది.

మీ మూడో ఆదివారం ఏమైంది? రాయకుండా చంపుతున్నావు. ఇంకోటి, చివర్లో అందరూ కలిసి పాడేచోట దీవెన ఆంటీ గొంతు ఏదని జుబియా అడుగుతోంది. నా కుడిపక్క నించుని నా చెయ్యి పట్టుకుంది తనే, ఆ సన్నటి గొంతు తనదే అని చెప్పా. అవునుగా?

నీ ఫౌజీ


గుణదల,
3 సెప్టెంబరు 2007

ఫౌజీ,

మూడో ఆదివారం మా గుడిలో ఫాదర్ ప్రకటన చదివారు. చదివాక ఎప్పటిలాగే కాసేపు ఆగారు. ఎవరూ దగ్గలేదు కూడా. అక్కడ చదివారో లేదో తెలియక ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఉండిపోయాను.

సాయంత్రం ఫిన్నీగారు ఫోను చేశారు. "ఇక్కడా చదివారండి" అన్నారు. "అమ్మ రోజూ కూర్చునే ముందు బెంచీలో కూర్చోలేదు. కాని లేచి వెళ్లలేదు." తర్వాత ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోను మాత్రం పెట్టేయలేదు.

ఈ నెల మిరియాలు రాలేదు. బియ్యప్పిండి మురుకులు వచ్చాయి, చీటీ లేకుండా. అది కోపమో కాదో అమ్మకూ నాకూ అర్థం కాలేదు. తిన్నాం.

పెళ్లి అక్టోబరు పదిహేడున, గుణదలలోనే. నువ్వు రావాలి. తారిక్‌గారు, జుబియా, మీ నాన్నగారు కూడా. నిన్ను పాడమని అడగను. ఎవరైనా అడిగితే నీ ఇష్టం.

ఏసుపాదంగారికి కార్డు ఇందులో పెట్టాను. ఇప్పటికి నీ పాట పదిహేడు మంది కొన్నారు. రోజూ ఆఫీసుకు రాగానే అది చూస్తాను. ఎవరు, ఏ ఊళ్లో, ఎలాంటి గదిలో వింటున్నారో అనుకుంటూ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను.

జుబియాకు చెప్పు. ఆ సన్నటి గొంతు నాది కాదు, వెనక వరుసలో నిలబడ్డ హన్నాది. నాకు శ్రుతి నిలవదని, పెదవులు మాత్రం కదపమని తెరేసమ్మ టీచరు ముందురోజే చెప్పారు. ఆ క్యాసెట్‌లో నా గొంతు ఎక్కడా లేదు.

దీవెన